మాడుకంపు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏవండీ, బండిలోంచి మాడుకంపు వస్తందండి. ఇంజను కాలిపోతందేమో, కాస్త చూడండి."

అవతారిక: శివరాత్రికి కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా పట్టిసీమ పోయే రోడ్డు మీద కార్లు నత్తనడక నడుస్తాయి. అక్కడి వీరభద్రస్వామి గోదావరి నడుమ దేవకూటాద్రి మీద ఉంటాడు గనక ఎంత ఖరీదైన బండైనా రేవు దగ్గర ఆగక తప్పదు. ఆ రేవు చేరేలోపు పుట్టే వాక్యం ఇది. వక్త కారు యజమాని, శ్రోత మెకానిక్కు, రసం భయానకం. ఏటా కొత్త కర్తలు పుడుతుంటారు కాబట్టి గ్రంథకర్త ఎవరన్న చర్చ అనవసరం.

టీక: బండిలోంచి = బానెట్ కిందినుంచి గానీ, చక్రం పక్కనుంచి గానీ, డాష్‌బోర్డు వెనకనుంచి గానీ; మాడుకంపు = నూనె, రబ్బరు, క్లచ్ ప్లేటు, వైరు తొడుగు, వరిగడ్డి మొదలైనవాటిలో ఒకటి వేడికి మాడగా పుట్టిన వాసన; వస్తందండి = ఏ వేళ, ఎంతసేపు అన్నది దాటవేసిన క్రియ; ఇంజను కాలిపోతందేమో = వక్త ఊహ; కాస్త = సాయంత్రం దాకా; చూడండి = బిల్లు నాదే.

వ్యాఖ్య: ఈ మూలంలో మొదటి ముక్క ప్రత్యక్షం, రెండోది అనుమానం. రెంటినీ ఒకే ఊపిరిలో అనేయడం వల్ల రెండూ ఒకటే అనిపిస్తుంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగను బట్టి నిప్పుందని తేల్చడం ఆ శాస్త్రంలో తొలి పాఠం. ఎర్రగా కాగిన ఇనపగుండులో నిప్పున్నా పొగ ఉండదనీ, పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలనీ అదే శాస్త్రం చెబుతుంది. కారుకింద ఉండే కెటలిటిక్ కన్వర్టర్ అలాంటి గుండే. వందల డిగ్రీల్లో కాగుతూ కూడా ఏ కంపూ కొట్టదు. రోడ్డు మీద పరిచిన వరిగడ్డి నాలుగు పరకలు దానికి చుట్టుకుంటే మాత్రం బండంతా మాడుకంపు. అక్కడ ఇంజను చేసిన పాపం ఏమీ లేదు. అంచేత కంపు ఒక్కటే ఇంజను కాలుతోందనడానికి చాలిన హేతువు కాదు. ఏ రకం, ఎప్పుడు, ఎక్కడ అనే మూడు విశేషణాలు తగిలిస్తేనే అది సాక్ష్యమవుతుంది.

ఆ విశేషణాలు ఏం చేస్తాయో చూడండి. ఘాటుగా, కాగితం కాలినట్టు, అరక్లచ్ మీద పాకుతున్నప్పుడో ఇసుకలో దిగబడ్డ చక్రం తిప్పుతున్నప్పుడో వస్తే అది క్లచ్ ప్లేటు. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరిచి బండి వేగం పెరగకపోతే సందేహం కూడా తీరినట్టే. ఒక్క చక్రం పక్కనే వస్తూ ఆ రిమ్ము చెయ్యి దగ్గర పెట్టలేనంత వేడెక్కితే బ్రేకు పట్టేసింది. బాగా నడిచి ఆగాక బానెట్ సందుల్లోంచి నూనె మాడినట్టు వస్తే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారి చుక్కలు ఎగ్జాస్ట్ మీద పడుతున్నాయి. ఇక్కడ తొందర పనికిరాదు. కారిన ఆయిల్ దుమ్ముతో కలిసి నల్లటి మడ్డిగా ఇంజను పక్కంతా పాకి ఉంటుంది. దాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచి, కాసేపు ఇంజను తిప్పి, టార్చి వేసి చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి కొత్త మెరుపు కనబడ్డ చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే మూలం.

పూర్వపక్షం: స్కానర్ తగిలిస్తే బండే జబ్బు చెబుతుంది గదా, ఈ ముక్కుశాస్త్రం దేనికి? సమాధానం: సెన్సార్ ఉన్నచోటే స్కానర్‌కు చూపు. గ్యాస్కెట్ చెమ్మకూ, గడ్డిపరకకూ అది గుడ్డిది. ముక్కుకూ హద్దుంది. రేడియేటర్ లీకైతే కూలెంట్‌లోని గ్లైకాల్ వల్ల తియ్యటి వాసన రావాలి. కూలెంట్ బదులు వట్టి నీళ్లు పోసుకున్న బండిలో ఆ తీపి రాదు. అప్పుడు టెంపరేచర్ ముల్లే దిక్కు.

మరో పూర్వపక్షం: అనుమానమున్నవన్నీ మార్చేస్తే పీడ పోదా? పోదు. క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది. పెడల్ మీద కాలు తీయని అలవాటుంటే కొత్త క్లచ్ ప్లేటూ మాడుతుంది. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మెదక్ సీమకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. షెడ్డు గోడ మీద రాసుకోదగ్గ మాట అది.

ఇంకొకరంటారు: ఏ కంపైనా రోగమే, రాగానే ఇంజను ఆపాలి. అదీ నిలవదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసిని అది అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చుకుంటుంది. ఆ కాసేపు వేడి వాసన సహజం. ప్రతిసారీ మధ్యలో ఆపేస్తే మసి పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. ద్రాక్షారామంలో దక్షయజ్ఞం చెడగొట్టిన వీరభద్రుడు పట్టిసం అనే తన ఆయుధాన్ని పట్టిసీమ దగ్గర గోదావరిలో కడిగాడని స్థలపురాణం. యజ్ఞం చెడగొట్టడం ఆయనకు చెల్లింది, ఫిల్టర్ మసి కాల్చుకునే ఈ యజ్ఞాన్ని మనం చెడగొడితే బిల్లు వస్తుంది.

అపవాదం: ప్లాస్టిక్, వైరు తొడుగు కాలిన కంపు గుప్పున కొడితే, లేక పొగ కనబడితే పై విచారణ ఏదీ వర్తించదు. బండి పక్కకు తీసి, తాళం తిప్పి ఆపి, అందర్నీ దించాలి. పొగ వస్తున్న బానెట్‌ను బార్లా తెరిస్తే మంటకు గాలి అందుతుంది, తెరవకూడదు. పది ఆంపియర్ల ఫ్యూజు పోయిందని ముప్పై ఆంపియర్లది బిగిస్తే ఇకమీద ఫ్యూజు బదులు వైరే కాలుతుంది.

తాత్పర్యం: ఊహ మానేసి చూసింది చెప్పాలి. "తాళ్లపూడి దాటాక ట్రాఫిక్‌లో అరక్లచ్ మీద వస్తంటే కాగితం కాలినట్టు కంపు కొట్టిందండి, రోడ్డు ఖాళీ అయ్యాక పోయిందండి" అన్నది శుద్ధపాఠం. ఇది పలికినవారికి గ్యాస్కెట్ మార్పు తప్పును, సాయంత్రం లోపల రేవు దాటుట సిద్ధించును.