తుంటి సూత్రానికి అమీర్‌పేట వ్యాఖ్య

మూలం: తుంటి తిరుగవలె, జారరాదు, మొదట తుంటి, చివర కర్ర.

టీక: తుంటి అనగా కటివలయం మొత్తం, తొడ ఎముక తల గిన్నెలో కూర్చునే కీలే దానికి ఇరుసు. తిరుగుట అనగా, కుడిచేతివాటం ఆటగాడు కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు కుడి పిర్ర వెనక్కి పోవుట. జారుట అనగా అదే పిర్ర కుడిపాదం దాటి పక్కకు పోవుట. కర్ర అనగా గోల్ఫ్ క్లబ్బు. గోల్ఫ్ మైదానం గోల్కొండ కోట దగ్గర నయా ఖిల్లాలో ఉండగా అమీర్‌పేటలో ఈ టీక దేనికని అడగవచ్చు. మైదానం అక్కడిదే. కానీ సాఫ్ట్‌వేర్ కోర్సు మీద కోర్సు నేర్చుకుంటూ తుంట్లు కుర్చీల్లో బిగుసుకుపోయేది అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూనే, సూత్రం అవసరం వాటికే ఎక్కువ.

తాత్పర్యం: కోచ్ ‘నడుము తిప్పు’ అంటాడు, శిష్యుడు అక్షరాలా నడుమే తిప్పుతాడు. చిక్కంతా అక్కడే. నడుములోని అయిదు వెన్నుపూసలూ వంగమంటే వంగుతాయి గాని మెలితిరగమంటే మొండికేస్తాయి. అయిదూ కలిసి ఒక పక్కకు తిరిగేది 15 డిగ్రీలలోపే. భుజాలు మాత్రం 90 డిగ్రీల దాకా తిరగాలి. ఛాతీ వెనకున్న వెన్ను కొంత సర్దుతుంది. మిగతాది తుంటి ఇవ్వాలి. దాని వాటా సుమారు 45 డిగ్రీలని వాడుక లెక్క. అది ఎగ్గొడితే బాకీ నడుము నెత్తిన పడుతుంది. గోల్ఫ్ ఆడేవాళ్ల బాధల్లో నడుంనొప్పి ముందువరసలో ఉండటానికి ఇదొక కారణం. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దగ్గరే కదా అని ధైర్యపడరాదు. ఇక సూత్రంలోని రెండో పాదం, ‘మొదట తుంటి, చివర కర్ర’. కర్ర దిగేటప్పుడు తుంటి ముందు కదిలి, నెమ్మదిస్తూ తన వేగాన్ని ఛాతీకి, ఛాతీ చేతులకు, చేతులు కర్రకు అప్పగిస్తాయి. చేతులు తొందరపడి ముందే దిగితే కర్ర బయటినుంచి అడ్డంగా కోసుకొస్తుంది, బంతి కుడివైపు వంకరపోతుంది.

పూర్వపక్షం: గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అంతటివాడు 1957 నాటి ‘ఫైవ్ లెసన్స్’ పుస్తకంలో తుంటికి కాస్త పక్కకదలిక ఒప్పుకున్నాడు కదా, జారరాదనడం ఎట్లా? ఒప్పుకున్నాడు, బరువు ఎడమకాలి మీదికి చేరేటంత మేరకే. అదీ కర్ర దిగేటప్పుడు, తిరుగుడుతో కలిసి. సూత్రం నిషేధించింది తిరుగుడు లేని జారుడును. మరొకడు లేచి, తుంటిని బిగబట్టి భుజాలను మాత్రం తిప్పితేనే బలమంటాడు. గోల్ఫ్ కోచ్ జిమ్ మెక్‌లీన్ 1992లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చిన మాట ఇదే: భుజాలకూ తుంటికీ తేడా పెరిగితే బంతి దూరం పోతుందని. నిజమే, సాగే ఒళ్లున్నవాడికి. బిగుసుకున్నవాడు దాన్ని అనుకరిస్తే ఆ తేడా పుట్టేది నడుములోనే. పాతతరం గోల్ఫర్ బాబీ జోన్స్ ఎడమ మడమ లేవనిచ్చి తుంటిని ధారాళంగా తిప్పేవాడు. బంతి దూరం పోకుండా ఏమీ ఆగలేదు. కుర్చీవాసులకు ఆ పాత పద్ధతే మేలని ఈ వ్యాఖ్యాత మతం.

ప్రయోగం: హాస్టల్ గదిలో కర్ర తిప్పే జాగా ఉండదు, గోడ ఉంటుంది. మంచానికీ గోడకూ మధ్య నిలబడి, కొంచెం వంగి, రెండు పిర్రలూ గోడకు తగలనిచ్చి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిర్ర గోడను వదలకూడదు, ఎడమది వదలాలి. ముందుకు తిరిగేటప్పుడు ఎడమది వచ్చి తగలాలి. రెండూ ఒకేసారి గోడను రాసుకుంటూ పక్కకు పోతే అది జారుడు.