అంతస్తుకు మన్నింపు, ర్యాంపుకు నోటీసు

జమ్మలమడుగు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాడికి దేవుడు ఏ లోటూ చేయలేదు. సిమెంటు కావాలంటే మైలవరం మండలం చిన్నకొమెర్లలో ఒక ఫ్యాక్టరీ ఉంది, ఎర్రగుంట్ల దిక్కు పోతే ఇంకొన్ని ఉన్నాయి. ఇసుకకు పెన్న ఉంది. దేశమంతా వంటింటి గట్లకు పరుచుకునే కడప బండ మన పెరట్లోదే. ఉక్కు ఒక్కటే కొంచెం ఆలస్యమైంది. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక శంకుస్థాపన, 2018లో కంబాలదిన్నెలో ఇంకొకటి, 2019లో సున్నపురాళ్లపల్లెలో మరొకటి, 2023లో మళ్లీ ఒకటి జరిగాయి. ఉక్కు సంగతి ఎలా ఉన్నా శిలాఫలకాల బండలకు మాత్రం గిరాకీ తగ్గలేదు.

ఇన్ని ఉన్న సీమలో ఒక మనిషి తన ఇంటి గడప తాను ఎక్కడానికి రోంత వాలు కట్టుకుంటే, అది మాత్రం నేరమవుతుంది.

ఊరి పేరు చెప్పను. మన మూడు నాలుగు ఊళ్లలో మీకు నచ్చిన వీధిని ఊహించుకోండి. అందులో ఒక పెద్దాయన. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు రెండూ పడిపోయాయి, మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు. ఇల్లు రోడ్డుకు రెండడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తు ఎందుకు కట్టావని అడగకండి. ఎన్నికలొచ్చినప్పుడల్లా పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోస్తారు. రోడ్డు పెరుగుతుంది, ఇల్లు దిగిపోతుంది, వానొస్తే వీధి నీళ్లన్నీ నట్టింట్లోకి చుట్టపుచూపుగా వస్తాయి. అందుకే తెలివైనవాడు రాబోయే రోడ్లను కూడా లెక్కేసుకుని పునాది లేపుతాడు. అలా లేపిన ఇంటికి ఆయన ఒక ర్యాంపు పోయించుకున్నాడు. మూడో వారం వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ నోటీసుతో వచ్చాడు, మనవడి వయసువాడు.

"పెద్దాయనా, మీ ర్యాంపు రోడ్డు మీదికి వచ్చింది. తీసేయాల."

"కాలవ మీద బండ పరిచి కట్టినాం గదా నాయనా. అది రోడ్డెట్లయితాది?"

"కాలవ గూడా మునిసిపాలిటీదే."

"సంతోషం. వానాకాలం మా ఇంట్లోకొచ్చే నీళ్లు ఎవురివి?"

"అది ఇంజనీరింగ్ సెక్షన్. నాది ప్లానింగ్."

"నాది పోలియో. దానికి ఏ సెక్షనుండాది?"

"సదరం సర్టిఫికెట్ ఉందా?"

"ఉండాది. కాళ్లు గూడా ఈడనే ఉండాయి, అవి జూసినా సరిపోతాది."

పిల్లోడు మంచివాడే. రోంత ఆలోచించి, గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. "లోపల, మీ స్థలంలోనే కట్టుకోండి. అప్పుడు మేం అడగం."

ఈ ఉపాయాన్ని లెక్క కట్టి చూద్దాం. చక్రాల కుర్చీకి పనికొచ్చే ర్యాంపు అంటే ఒక అడుగు ఎక్కడానికి 12 అడుగుల పొడవు ఉండాలని సర్కారు ప్రమాణాలే చెబుతున్నాయి. రెండడుగుల ఎత్తుకు 24 అడుగులు. చిన్న స్థలాల్లో ఇంటి ముందు వదలమనేది మీటరున్నర, అంటే ఐదడుగులు. ఇక 2020 డిసెంబరు నుంచి పట్టణ పేదలకు పంచిన పట్టాలేమో ఒక్కో సెంటు. సెంటంటే దాదాపు 436 చదరపు అడుగులు, చదరంగా గీస్తే అటూ ఇటూ 21 అడుగులు. 21 అడుగుల స్థలంలో 24 అడుగుల ర్యాంపు నిటారుగా వేస్తే గోడ దాటి పక్కింటి వంటగదిలో దిగుతుంది. మెలికలు తిప్పి వేస్తే ర్యాంపు మాత్రమే మిగులుతుంది, ఇల్లు కట్టడానికి చోటుండదు. పెద్దాయన వాలు మీదనే కాపురం చేయాలి.

మైలవరం డ్యాం కట్టి కాలువలు తవ్వినప్పుడు, నీళ్లకు వాలు కావాలని ఎవరూ అర్జీ పెట్టలేదు. నీళ్లను ఏ సదరం క్యాంపుకూ పిలవలేదు, ఎంత శాతం పారలేవో తేల్చమనలేదు. ఇంజనీర్లే లెవెల్ పెట్టి మైళ్ల పొడవునా వాలు ఇచ్చారు. పెన్న నీళ్లకు ఉన్న ఆ గౌరవం పెన్న ఒడ్డు మనిషికి రావాలంటే మాత్రం ముందు తాను కదలలేనని నిరూపించుకోవాలి. నిరూపించుకోవడానికి కదిలి ఆసుపత్రిదాకా పోవాలి.

అదే వీధి చివర ఇంకో ఇల్లుందనుకుందాం. రెండంతస్తులకు ప్లాను, నాలుగంతస్తుల కట్టడం. ఆ యజమాని మొహంలో దిగులు కనబడదు. ఎందుకు దిగులు? బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ అనే పండగ ఉంది కదా. 2007 చివర 901 నంబరు జీవోతో మొదలైంది. 2015లో ఒకసారి, 2019లో ఒకసారి, 2025లో మరోసారి వచ్చింది. ప్రభుత్వాలు మారాయి గానీ పండగ మారలేదు. ప్రతిసారీ ఇదే ఆఖరన్నట్టు ఉంటుంది, కొన్నేళ్లు ఓపిక పడితే మళ్లీ గడప తొక్కుతుంది. రుసుము కడితే తప్పు ఒప్పవుతుంది, రసీదు కూడా ఇస్తారు.

మరి పెద్దాయన ర్యాంపుకు ఆ పథకం వర్తించదా అంటే, వర్తించదు. ప్రభుత్వ స్థలం మీది కట్టడాలకు మన్నింపు లేదు. అర్థమైంది కదా! ఆకాశం మునిసిపాలిటీ ఆస్తి కాదు, పైకి ఎంత పోయినా రుసుముతో సరి. కాలువ మీదికి మూడడుగులు వాలితే మాత్రం గునపమే.

రోడ్డు అందరిదీ అనే మాట నిజమే, దాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కర్ర ఆనించుకుని నడిచే చూపులేనివాడికి మొదటి శత్రువు మన ఇళ్లముందరి బైకు ర్యాంపులే. వాటిని పెరికేస్తే నేనే టీ ఇప్పిస్తా. కానీ బుల్లెట్ బండి లోపల పెట్టుకోవడానికి వేసిన ఇనుప రేకుకూ, మనిషి బయటికి రావడానికి వేసిన వాలుకూ నోటీసులో ఒకటే వాక్యం ఉంటే, ఆ నోటీసు రాసినవాడికి కూడా చూపు పరీక్ష చేయించాలి.

2024 నవంబరులో మన సుప్రీంకోర్టు ఐదు రోజుల తేడాతో రెండు తీర్పులు ఇచ్చింది. 8న రాజీవ్ రాతూరి కేసులో, వికలాంగులకు దారి కల్పించే ప్రమాణాలు వట్టి సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలి, మూడు నెలల్లో రాయండి అని కేంద్రానికి చెప్పింది. 13న బుల్డోజర్ల కేసులో, ఏ కట్టడమైనా కూల్చేముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగండి అంది. పెద్దాయన ఈ రెండూ పేపర్లో చదివి మురిసిపోయాడు. రెండో తీర్పులోనే ఒక మినహాయింపు ఉందని, రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ మీది అక్రమ కట్టడాలకు ఆ 15 రోజుల రక్షణ వర్తించదని ఆయనకు ఎవరు చెప్పాలి? కట్టమన్న తీర్పు ఆఫీసుల గుమ్మం దగ్గర ఆగింది, కాపాడమన్న తీర్పు కాలువ దగ్గర ఆగింది. ఆయన ర్యాంపు సరిగ్గా ఆ రెంటి నడుమ ఉంది.

నేనేదో మూడడుగుల సిమెంటుకు పెద్ద గోల చేస్తున్నాననుకునేవాళ్లు ఆ తీర్పులకు రెండున్నర నెలల ముందు మహబూబ్‌నగర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 2024 ఆగస్టు 29 తెల్లవారుజామున, క్రిస్టియన్‌పల్లి ఆదర్శనగర్‌లో, 523 సర్వే నంబరులో పేదల ఇళ్లు కూల్చారు. వాళ్లలో వికలాంగులున్నారు, చూపులేనివాళ్లున్నారు. స్థలం ప్రభుత్వానిది, పట్టాలు చెల్లవు అన్నది అధికారుల వాదన. వాదన సంగతి కోర్టులు చూసుకుంటాయి. చూపులేనివాళ్ల ఇంటికి చీకట్లోనే ఎందుకు పోవాల్సి వచ్చిందో ఏ సర్వే నంబరూ చెప్పదు.

ఇంతకీ ఈ దేశంలో చట్టం లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నియమాలు వచ్చిన ఐదేళ్లలో అందరూ రాగలిగేలా మార్చాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌లో పోయింది. పొడిగించుకునే వెసులుబాటు కూడా చట్టంలోనే రాసుకున్నారు. పెద్దాయన నోటీసులో అలాంటి వెసులుబాటు లేదు, దానికి ఏడు రోజులే. అదే చట్టంలో సముచిత సర్దుబాటు అనే మాట ఉంది. మోయలేని భారం కానంతవరకు, ఒక మనిషి అవసరానికి తగ్గట్టు మార్పు చేసిపెట్టాలి, ఆ బాధ్యత ప్రభుత్వానిది. కాలువ పారేటట్టు కింద గొట్టం వేసి, పైన మూడడుగులు వదిలేయడం మునిసిపాలిటీ మోయలేని భారమైతే, రోడ్డు మీద రోడ్డు పోసే భారం ఎట్లా మోస్తున్నట్టు?

కాబట్టి కొత్త చట్టం అడగను. నోటీసు కాగితంలో ఒక్క గడి పెంచండి: "ఈ ఇంట్లో నడవలేనివారు ఉన్నారా? ఉంటే ఏం సర్దుబాటు చేశాం?" అది నింపకుండా సంతకం చెల్లకూడదు. పిల్లోడికీ సుఖం, మాటిమాటికీ గొంతు తగ్గించుకోనక్కర్లేదు.

పెద్దాయన మాత్రం గడుల కోసం ఆగేటట్టు లేడు. నోటీసుకు జవాబు రాయించాడు. "అయ్యా, నా ర్యాంపు కొలిచినందుకు ధన్యవాదాలు. నేను స్వయంగా వచ్చి విన్నవించుకుందామంటే టౌన్ ప్లానింగ్ విభాగం మేడ మీద ఉందన్నారు. తమరు కిందికి వచ్చేటప్పుడు ఆ టేపు కూడా తెండి. ఆఫీసు మెట్లు కొలిచి, ఎన్ని అడుగుల ర్యాంపు కావాలో నేను లెక్క కట్టి ఇస్తా. నోటీసు తమరే టైపు చేయించుకోండి, ఏడు రోజుల గడువు చాలు."