కిల్నుకి డైటు, మనిషికి స్వీటు

ఛత్తీస్‌గఢ్‌లో, రాయపూర్ పక్కనున్న సిల్తారాలో పండగల సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు. సెప్టెంబర్ 17, విశ్వకర్మ పూజ. ఆ రోజు రాయపూర్-బిలాస్‌పూర్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న స్పాంజ్ ఐరన్ ప్లాంట్లలో, రోలింగ్ మిల్లుల్లో లేత్ మిషన్‌కి బొట్టు, క్రేన్‌కి బంతిపూల దండ, మనిషికి బూందీ లడ్డూ. ఆ లడ్డూతో తెరిచిన నోరు సంక్రాంతి అరిసెల దాకా మూతపడదు. మధ్యలో నవరాత్రులు, దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, న్యూ ఇయర్ కేకులు. అమెరికా వాళ్లు పాపం నవంబర్‌కీ జనవరికీ మధ్య వచ్చే నాలుగు పండగలకే కంగారుపడి, 195 మందిని తూచి చూసి, సగటున 0.37 కిలో పెరిగారని 2000లో పెద్ద వైద్య పత్రికలో అచ్చేసుకున్నారు. ఈ సంగతి మా క్వాలిటీ కంట్రోల్ బాబాయికి చెబితే, "అది మా మిఠాయి డబ్బా అట్ట బరువురా" అన్నాడు.

బాబాయి తాతగారిది శ్రీకాకుళం వైపు. బీఎన్ఆర్ (బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో రైలు పని వెతుక్కుంటూ ఇటొచ్చారు. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు సుఖమయ్యాయి, దాంతోపాటు చిమ్మిలి, జంతికలు, మాడుగుల హల్వా రాకపోకలూ సుఖమయ్యాయి. ఇప్పటికీ విశాఖ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో చుట్టాలొచ్చారంటే ముందు డబ్బాలు దిగుతాయి, తర్వాత మనుషులు.

ఇక్కడ వింత ఏమిటంటే, బాబాయి చేసేది అచ్చంగా తిండి లెక్కల ఉద్యోగం. స్పాంజ్ ఐరన్ కిల్ను అంటే వాలుగా పడుకుని నెమ్మదిగా దొర్లే పొడవాటి గొట్టం. ఒక కొసన ఇనుప ఖనిజం, బొగ్గు, డోలమైట్ కొలిచి పోస్తారు. లోపల వేడి వెయ్యి డిగ్రీల దగ్గర ఉండాలి. గంటగంటకీ ఏం పోశారు, ఎంత పోశారు, ఏ థర్మోకపుల్ ఎంత చూపిస్తోంది, అన్నీ లాగ్ షీట్‌లో ఎక్కాలి. లెక్క తప్పిందా, లోపలి గోడకి పదార్థం పేరుకుని 'రింగు' కడుతుంది. దారి సన్నబడుతుంది. ఆఖరికి కిల్ను ఆపి, చల్లార్చి, కుర్రాళ్లని లోపలికి పంపి జాక్‌హామర్లతో కొట్టించాలి. డ్యూటీ డాక్టరు బాబాయి ఈసీజీ చూసి చెప్పింది కూడా రమారమి ఇదే. గుండెలో రింగు కట్టింది కాబట్టి జాగ్రత్త అన్నాడు. కిల్నుకి బొగ్గు ఒక్క శాతం ఎక్కువైతే షిఫ్ట్ ఇన్‌చార్జికి షోకాజ్ ఇచ్చే మనిషి, పళ్లెంలో నాలుగో బాదుషా ఎవరు వేశారో తనకి తెలీదంటాడు.

2025 జూలైలో ఢిల్లీ నుంచి సాయం అందింది. ఆఫీసుల్లో నూనె, చక్కెర ఎంతెంతో తెలిపే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ తన సాటి శాఖలకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. సమోసాకీ జిలేబీకీ సిగరెట్ పెట్టె మీదలాంటి హెచ్చరిక వేస్తున్నారని టీవీలు గగ్గోలు పెట్టాయి. అలాంటిదేమీ లేదు, అది సలహా మాత్రమేనని ప్రభుత్వం సర్దిచెప్పింది. సలహా అన్నమాట వినబడగానే మన హెచ్‌ఆర్ వాళ్లకి ప్రాణం లేచొస్తుంది, ఖర్చుండదు కదా. 250 మంది దాటితే క్యాంటీన్ పెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అప్పట్లోనే చెప్పింది కాబట్టి క్యాంటీన్ ఎలాగూ ఉంది, గోడా ఉంది. అలా బాబాయి పనిచేసే కంపెనీలో బోర్డు వెలిసింది: చక్కెర రోజుకు ఆరు టీస్పూన్లు మించరాదు. ఆ బోర్డు కింద బల్ల మీద దీపావళి కిలో డబ్బాలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. బోర్డు మీదా, డబ్బాల పంపిణీ జాబితా మీదా సంతకం ఒకరిదే. పర్మనెంట్ వాళ్లకి కిలో కాజూ బర్ఫీ, కాంట్రాక్టు వాళ్లకి పావుకిలో బూందీ. ఎవరి ఆరోగ్యం మీద కంపెనీకి ఎక్కువ శ్రద్ధో మీరే తేల్చుకోండి.

ఇంటికొస్తే ఇరుగుపొరుగు. ఛత్తీస్‌గఢీ ఇంటి నుంచి ఠేఠ్రీ, ఖుర్మీ వస్తాయి, ఒకటి శనగపిండితో వేయించింది, ఇంకోటి గోధుమపిండీ బెల్లంతో వేయించింది. వచ్చిన గిన్నె ఖాళీగా పంపితే పరువు పోతుంది కనుక పిన్ని గవ్వలు వేసి పంపుతుంది. ఆ గిన్నె మళ్లీ నిండి వస్తుంది. భారత్-పాక్ చర్చలైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి గానీ, ఈ గిన్నె ఆగదు.

ఉపవాసం మాటేమిటి అంటారు. నవరాత్రుల్లో బాబాయి తొమ్మిది రోజులూ ఉపవాసమే. అన్నం ముట్టడు. సగ్గుబియ్యం కిచిడీ, వేయించిన బంగాళదుంప చిప్స్, సింఘాడా పిండి హల్వా మాత్రం దేవుడు ఒప్పుకున్నవే. పైగా ఆ నవరాత్రుల్లోనే డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారికి పాదయాత్ర. రాయపూర్ నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు, చివర కొండకి వెయ్యికి పైగా మెట్లు. ఇంతకు మించిన వ్యాయామం ఏ జిమ్ముకి చేతనవుతుంది? అయితే రోడ్డు పొడవునా భక్తులు భండారాలు పెడతారు. పూరీ-కూర ఒకచోట, హల్వా ఇంకోచోట, టీ బిస్కట్లు మరోచోట. వద్దంటే అమ్మవారికి కోపం. ఇన్నేళ్లలో నడిచి చిక్కిపోయి తిరిగొచ్చిన యాత్రికుణ్ణి నేనైతే చూడలేదు. కొండ దిగేటప్పుడు రోప్‌వే ఎక్కితే ఆ కాస్త మెట్ల ప్రయాసా మిగులు.

సరే, మిగతా రోజుల్లో నడవొచ్చు కదా అని డాక్టరు అడుగుతాడు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డాక్టరు దానికి తన వంతుగా 'తెల్లవారుజామున, స్వచ్ఛమైన గాలిలో' అని కలిపాడు. ఆయనది సిల్తారా కాదు. ఇక్కడ డాబా మీద మినప వడియాలు పెడితే సాయంత్రానికి నువ్వుల వడియాలవుతాయి. మేడ మీద చెప్పుల్లేకుండా రెండుసార్లు తిరిగొస్తే హాల్లో గచ్చు మీద అయిదు వేళ్లతో సహా నల్లటి పాదాలు పడతాయి, కృష్ణాష్టమికి ముగ్గు ఖర్చు లేదు. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట పొగగొట్టాలకి దుమ్ము పట్టే యంత్రాలు, ఈఎస్‌పీలు, ఆపేస్తారన్న ఫిర్యాదు రాయపూర్‌లో పాతదే. పైగా చలికాలంలో నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉండిపోతుంది కనుక రాత్రి వదిలిన పొగ పైకి పోలేక తెల్లారేదాకా మన ముక్కుల ఎత్తులోనే కూర్చుంటుంది. సరిగ్గా అదే వేళకి షూ లేసులు కట్టుకుని, గట్టిగా గాలి పీలుస్తూ, కోల్ ట్రక్కుల పక్కనుంచి చురుగ్గా నడవాలన్నమాట. ఎంత తిండిలో ఎంత చక్కెరో చెప్పే బోర్డులున్నాయి గానీ, గంట నడకకి ఎంత బొగ్గు దిగుతుందో చెప్పే బోర్డు ఏ క్యాంటీన్‌లోనూ వేలాడదీయలేదు. అందుకే బాబాయి బృందం ఆదివారాలు కారేసుకుని తెలీబాంధా చెరువు దగ్గరి మెరైన్ డ్రైవ్‌కి నడవడానికి వెళ్తుంది. అక్కడ ఒక చుట్టు నడిచేసరికి చాట్ బండి వస్తుంది.

ఇన్ని ఆరోగ్య సూత్రాలూ తెలియకుండానే పాటించే మనిషి ఒకడున్నాడు, ఫర్నేస్ దగ్గర కాంట్రాక్టు హెల్పరు. పన్నెండు గంటలు నిలబడతాడు, మోస్తాడు, చెమటోడుస్తాడు. టిఫిన్‌లో బోరే బాసీ, అదే రాత్రి అన్నంలో నీళ్లు పోసి నానబెట్టింది, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపుతో మంత్రులూ ఐఏఎస్‌లూ దీన్ని గిన్నెల్లో పెట్టుకుని తింటూ ఫొటోలు దిగారు. మర్నాడు హెల్పరు మళ్లీ తిన్నాడు, ఫొటో దిగలేదు.

మొన్న డిసెంబర్‌లో బాబాయి కంపెనీ వారు 'స్టెప్ ఛాలెంజ్' పెట్టారు. చేతికి బ్యాండు, ఫోన్లో యాప్, నెలంతా ఎవరెక్కువ నడిస్తే వారికి బహుమతి. పోటీ ఆఫీసర్లకే. నాలుగు రోజులు బాబాయి పేరు జాబితాలో అట్టడుగున ఉంది. అయిదో రోజు నుంచి ఆయన లెక్క రోజుకు ఇరవై వేల అడుగులు దాటడం మొదలెట్టింది, అదీ ఆయన ఏసీ రూములో కదలకుండా కూర్చున్న వేళల్లో. నెలాఖరుకి ప్రథముడయ్యాడు. శాలువా కప్పారు, 'ఆరోగ్యానికి ఆదర్శం' అని నోటీసు బోర్డులో ఫొటో పెట్టారు, బహుమతిగా డ్రైఫ్రూట్ మిఠాయి డబ్బా ఇచ్చారు.

సాయంత్రం ఫర్నేస్ షెడ్డు వెనక బ్యాండు తిరిగి తీసుకోవడానికి బాబాయి వెళ్లాడు. ఆ హెల్పరు, పాలకొండ వైపు కుర్రాడు, మణికట్టు మీంచి దాన్ని విప్పి, నల్లదుమ్ము లాగుకి తుడిచి ఇచ్చాడు. బాబాయి డబ్బాలోంచి ఒక బర్ఫీ తీసి చేతిలో పెట్టాడు. కుర్రాడు బర్ఫీ కన్నా బ్యాండు కేసే ఎక్కువసేపు చూసి అడిగాడు:

"అడుగులన్నీ లెక్కెట్టిందంట గదా బాబూ, మరి నా ఓటీ గంటలు కూడా లెక్కెట్టుంటదేటి?"