పలకని సర్వరు, కదలని ఫైండు

మళ్లీ ఆగిపోయింది. నేను వెతుకుతున్నది చిన్న టెక్స్ట్ ఫైలు. అదీ ఈ మిషన్ డిస్కులోనే ఎక్కడో ఉంది. అయినా ఫైండ్ కమాండు రూట్ నుంచి బయల్దేరి, పోయినేడు ఎత్తేసిన సర్వరు తాలూకు మౌంటు తగలగానే అక్కడే చతికిలబడుతోంది. కొన్నాళ్లుగా ఇదే వరస. డీఎఫ్ కొట్టినా అంతే. లాగులో మాత్రం ఒకటే పాట: ఎన్ఎఫ్ఎస్ సర్వరు పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను.

ఎక్స్‌డెవ్ ఆప్షను పెట్టుకోవచ్చుగా అంటారు తెలిసినవాళ్లు. పెట్టాను. కానీ అది వేరే ఫైల్ సిస్టమో కాదో తేల్చుకోవాలంటే ఫైండు ముందు దాన్నే వాకబు చేయాలి. పక్కింటికి పోవద్దురా అంటే, వాళ్ల తలుపే కొట్టి “పక్కిల్లంటే మీదేనాండీ?” అనడిగి, జవాబు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడే పిల్లాడి బాపతు.

సరే, చంపేద్దామని కిల్ మైనస్ నైన్ కొట్టాను. చావదే! పీఎస్‌లో చూస్తే దాని పక్కన ‘డి’ అని ఉంది. ఎవరూ లేపడానికి వీల్లేని నిద్రన్నమాట. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్ నుంచి ఇలా ఎన్ఎఫ్ఎస్ కోసం పడుకున్నవాటిని ఆ దెబ్బతో చంపొచ్చు. మా మిషన్ అంతకుముందుది.

అసలు చోద్యం లోడ్ యావరేజ్‌ది. లైనక్స్‌లో 1993 నుంచి ఈ ‘డి’ నిద్రగాళ్లను కూడా లోడ్‌లో కలిపేస్తున్నారు. క్రాన్ గంటగంటకూ ఓ కొత్త వెతుకులాట మొదలుపెడుతుంది. అదీ వెళ్లి వరసలో పడుకుంటుంది. సీపీయూ గోళ్లు గిల్లుకుంటూ ఉంటే, లోడ్ మాత్రం ఒక్కో మెట్టే ఎక్కుతుంది. మానిటరింగ్ వాళ్లు ఫోన్ చేసి “మిషన్ తెగ కష్టపడిపోతోందండీ, ఇంకో రెండు సీపీయూలు అడగమంటారా?” అన్నారు. మేనేజరుగారు ఆ గ్రాఫు చూసి మురిసిపోయి నెలవారీ ప్రెజెంటేషన్‌లో పెట్టుకున్నారు. నిద్ర కూడా పనిలో జమ అవుతుందని తెలిస్తే నా అప్రైజల్‌లో నేనూ రాసుకునేవాణ్ణి. ఆ మౌంటు తీసేయమని అడిగితే, రూట్ పాస్‌వర్డు ఉన్నాయన టికెట్ పెట్టమన్నాడు. పెట్టాను. అదీ ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది.

నిజం చెప్పాలంటే తప్పు ఫైండుది కాదు. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు ఎన్ఎఫ్ఎస్ తయారుచేసినప్పుడు, సర్వరు పడి లేచినా క్లయింటు ఆగినచోటు నుంచే సాగిపోవాలనుకున్నారు. హార్డ్ మౌంట్ పట్టుదల అందుకే. సాఫ్ట్ మౌంట్ కాసేపాగి చేతులెత్తేస్తుంది, మధ్యలో ఉన్న రాత గల్లంతైనా అవుతుంది. సర్వరు తిరిగొస్తుందని నమ్మి కూర్చోవడమే మన హార్డ్ మౌంటుకు నేర్పారు. ఆ సర్వరు ఎత్తేసిన రోజున ర్యాకు ఖాళీ చేయడానికి నలుగురొచ్చారు, ఫొటోలు కూడా దిగారు. ఇది ఎదురుచూస్తుంటుందని ఒక్కరికీ తోచలేదు.

సర్వర్లు ఎత్తేసే అయ్యలారా, అమ్మలారా! వెళ్లేముందు ఓసారి యూమౌంట్ మైనస్ ఎల్ కొట్టి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ ఒక్క లైనూ తీసేసి వెళ్లండి. మీకు పుణ్యముంటుంది.