ఆటల కంపెనీలో పెద్ద కుర్చీ ఎక్కడం ఎలా?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెతను వీడియో గేముల వ్యాపారం నమ్మినంతగా మరెవరూ నమ్మలేదు. అందుచేత ఆ రంగంలో పెద్ద కుర్చీ ఎక్కదలచిన అభ్యర్థికి ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. ఆటలు ఆడే అలవాటు అసలే అక్కర్లేదు. మాట మార్చడం వస్తే చాలు.

మొదటి పాఠం వసూళ్ల గురించి. ఆటగాడి జేబులో చెయ్యి పెట్టేటప్పుడు డబ్బు ఊసెత్తకుండా అతని వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడాలి. 2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’కు 80 డాలర్లు పోసిన ఒకాయన, ఇంకా డార్త్ వేడర్ పాత్రకు తాళం వేసి ఉందేమిటని రెడ్డిట్‌లో వాపోయాడు. పాత్రలను కష్టపడి సంపాదించుకుంటే కలిగే గర్వాన్ని, ఏదో సాధించామన్న తృప్తిని ఆటగాళ్లకు అందించాలన్నదే తమ ఉద్దేశమని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ బదులిచ్చింది. ఆ జవాబుకు ఆరున్నర లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడి, గిన్నిస్ రికార్డయింది. దెబ్బకు కంపెనీ పాత్రల ధరను 75 శాతం తగ్గించింది. తృప్తి కూడా ఆ మేరకు తగ్గుతుందా అన్నది మాత్రం వివరించలేదు.

ఇలాంటివాటికి అభ్యర్థి బెదరకూడదు. డబ్బు కట్టి తెరిస్తే తప్ప లోపల ఏముందో తెలియని లూట్ బాక్సుల గురించి 2019 జూన్‌లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ నిలదీస్తే, తాము వాటిని ‘సర్‌ప్రైజ్ మెకానిక్స్’ అంటామని, అవి పిల్లల కిండర్ చాక్లెట్ గుడ్ల లాంటివని అదే కంపెనీ ప్రతినిధి సెలవిచ్చారు. బెల్జియం జూద నియంత్రణ సంస్థకు ఇంత కవిత్వం రుచించదు. అది 2018లోనే డబ్బుతో కొనే లూట్ బాక్సులను జూదమని తేల్చేసింది. మరుసటి జనవరికి అదే కంపెనీ ఫుట్‌బాల్ ఆటలోని ఫిఫా పాయింట్ల అమ్మకం అక్కడ ఆగిపోయింది. కనుక పర్యాయపదాలు చెల్లే దేశాన్ని ముందే చూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాలు అంత అనువైనవి కావు. ఆన్‌లైన్ రమ్మీని ‘స్కిల్ గేమ్’ అని ఎంత ముద్దుగా పిలిచినా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. ఢిల్లీ సంగతీ అంతే. 2020లో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించాక ఏడాది తిరక్కుండానే అదే ఆట ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో దిగింది. అందులో రక్తం ఆకుపచ్చన, ‘కిల్’ స్థానంలో ‘ఫినిష్’. ఇంత అహింస పాటించినా 2022 జూలైలో దాన్నీ యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. తిరిగి రావడానికి 2023 మే దాకా పట్టింది.

ఇక సిబ్బంది సంగతి. ‘సైబర్‌పంక్ 2077’ తయారీలో బలవంతపు అదనపు పని ఉండదని సీడీ ప్రొజెక్ట్ కంపెనీ 2019లో మాటిచ్చింది. 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పని పెట్టింది. అక్టోబరు మొదట్లో ఆట ‘గోల్డ్’ అయిందని చాటింది. పరిశ్రమ పరిభాషలో ఆ మాటకు డిస్కుల ముద్రణకు సిద్ధమని అర్థం. అదే నెలాఖరున విడుదలను డిసెంబరుకు జరిపింది. విడుదలైన వారానికే సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తొలగించింది. ఇలాంటి బంగారానికి హాల్‌మార్క్ అడగకూడదు.

ఉద్యోగులను తీసేయడాన్ని ‘పునర్వ్యవస్థీకరణ’ అనాలి. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్న మైక్రోసాఫ్ట్, మూడు నెలలు దాటగానే తన ఆటల విభాగంలో 1,900 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. నింటెండో అప్పటి అధినేత సతోరు ఇవాతా మాత్రం అభ్యర్థులకు చాలా చెడ్డ ఆదర్శం. తమ కన్సోల్ ‘వీ యూ’ అమ్మకాలు పడిపోయినప్పుడు, 2014లో, కొన్ని నెలలపాటు తన జీతాన్నే సగానికి కోసుకున్నారు.

చివరి పాఠం ‘కొనండి’ అనే బటన్. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. డిస్కు కొన్నవాళ్లకు కూడా ఆట నడవదు. ఆటను కాదు, లైసెన్సును అమ్ముతున్నామని కొనేటప్పుడే స్పష్టం చేయాలని కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. 2025 జనవరి నుంచి అది అమలైంది. అంతకు ముందే ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ తన బిల్లు పేజీలో ఆ ముక్క రాసేసింది. ఇంటర్నెట్ లేకుండా శాశ్వతంగా ఆడుకునేలా దించుకోగలిగిన ఆటలకు ఈ నిబంధన వర్తించదు. ‘కొన్నాం’ అని నిబ్బరంగా చెప్పుకోదలచినవారు అలాంటివే వెతుక్కోవాలి.