తణుకువారి విశాఖ యాత్ర

వేసవి సెలవులు రాగానే తణుకులో వీధికొక ఇల్లు వైజాగ్ బయల్దేరుతుంది. కారు డిక్కీ తెరిస్తే ముందు పులిహోర గిన్నె, జంతికల డబ్బా, రెండు రకాల ఆవకాయ, ఎక్కడో అడుగున బట్టలు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం మరి, తుని దాటాక మనిషికి తిండి దొరుకుతుందో లేదో! లాడ్జి ఖర్చు మాత్రం ఉండదండోయ్. గాజువాకలోనో మధురవాడలోనో పెద్దత్తగారి తోడికోడలి తమ్ముడొకడు ఉండకపోడు. అక్కడ కాపురం పెట్టిన పాపానికి అతగాడు వేసవి పొడుగునా హాల్లో చాప మీద పడుకుంటాడు.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విరమణ పొంది, మరుసటి ఏడాది ఇసుక మీద మ్యూజియంగా వెలిసింది. ఆ ఇరుకులో నావికులు ఎలా బతికారో గైడు చెబుతుంటే మనవాళ్లు "వంటిల్లెక్కడండీ?" అంటారు. చూశాక, "దీనికంటే మా పెరట్లో పాక నయం" అని తేల్చేస్తారు.

అదే బీచ్‌లో 2024 ఫిబ్రవరి 25న తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని కొస విడిపోయి కెరటాల మీద వేరు కాపురం పెట్టింది. తెగలేదు, పరీక్ష కోసం మేమే విడదీశామన్నారు అధికారులు. పదో తరగతి తప్పిన కుర్రాళ్లకు ఇంత చక్కటి జవాబు తోచకపోవడం మన చదువుల లోపం.

రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. 2025లో కుక్కలూ చెత్తా పెరిగాయని కొన్నాళ్లు ఆ గుర్తింపు ఆపేసి, తర్వాత మళ్లీ ఇచ్చారు. అక్కడ మురీ మిక్చర్ పొట్లాలు విసిరిన చేతుల్లో గోదావరి జిల్లాల చేతులు లేవని ప్రమాణం చేసే ధైర్యం నాకు లేదు.

అసలు ముచ్చట భీమిలిది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయం నింపి, విశాఖకు తాగునీరిచ్చి, గోస్తనీ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. మనవాళ్లు చెప్పులు విడిచి, నీళ్లు నెత్తిన జల్లుకుని, "తల్లీ గోస్తనీ!" అని దణ్ణం పెడతారు. సొంత ఊరి నడుమ అదే పేరుతో పారే వేరే గోస్తనీకి జరిగే మర్యాద వేరు. వంతెన మీద స్కూటరు ఆపడం, ముక్కు మూసుకోవడం, మూతి కట్టిన క్యారీబ్యాగును గురి చూసి విసరడం. నన్నయ్యగారు యజ్ఞం చేసిన ఊరు మాదని సాయంత్రం సభలో చెప్పుకునేదీ ఆ నోటితోనే.

సముద్రమే కావాలంటే మొగల్తూరు దాటితే పేరుపాలెం ఉంది. పొద్దున వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. అంత దగ్గర్లో ఉన్నదాన్ని చూసొస్తే ఎదురింటి వదినగారితో ఏమని చెప్పుకుంటారు? పెలికాన్ పక్షులకు ఈ ఇబ్బంది లేదు, ఏటా కైకలూరు పక్కన ఆటపాకకు వచ్చేస్తాయి. వాటికి వాట్సాప్ స్టేటస్ లేదు.

కాబట్టి వెళ్లండి, విశాఖ నిజంగానే అందమైన ఊరు. ఎప్పుడైనా ఆ విశాఖవాళ్లే తణుకొచ్చి "మీ గోస్తనీ చూపించండి" అని అడిగితే మాత్రం, మాట మార్చి నేరుగా ద్వారకా తిరుమల తీసుకుపోండి.