నాది అనుకున్న సినిమాలు

కొత్త సినిమా ఊరందరికంటే ముందు చూసెయ్యాలి, నచ్చిన పాట నా దగ్గరే ఉండాలి. ఈ పిచ్చి మీకూ ఉండే ఉంటుంది, అందుకే మీతో చెప్పుకుంటున్నాను. మైపాడు నుంచి నెల్లూరు బస్సెక్కితే నా చొక్కా జేబులో పాటల చీటీ ఉండేది. ట్రంకు రోడ్డు పక్క సందులో క్యాసెట్ల కొట్టాయనకు ఆ చీటీ, ఒక ఖాళీ క్యాసెట్టు ఇస్తే సాయంత్రానికి ఎక్కించి పెట్టేవాడు. చీటీలో ముప్పాతిక భాగం గాయకుడు ఎస్పీ బాలు పాటలే. ఆయన మా నెల్లూరాయనని పరాయి ఊళ్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆయన పాటల అసలు క్యాసెట్టు మాత్రం కొన్న పాపాన పోలేదు. 2020 ఫిబ్రవరిలో తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని ఆయన వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారని చదివినప్పుడు, నాకు ఆ చీటీలే గుర్తొచ్చి సిగ్గేసింది.

క్యాసెట్టు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ వాయిదాల మీద వాయిదాలు పడుతుండగా, కృష్ణా జిల్లా పెడనలో సగం సినిమా సీడీలకెక్కి బయటికొచ్చేసింది. అది నా చేతికీ చిక్కింది. ఇంక ఆగుతానా! వీధంతా పిలిచాను, పిలకాయల్ని చాప మీద కూర్చోబెట్టాను, టీవీ వాకిట్లోకి తెచ్చాను, నిర్మాతను నేనే అన్నట్టు అటూ ఇటూ తిరిగాను. గంటన్నరకు బొమ్మ ఆగింది. అప్పుడు చూశాను, గేటు దగ్గర సినిమా హాల్లో పనిచేసే మా పక్కింటి కుర్రోడు నిలబడి ఉన్నాడు. “ఎట్టా నా, మీరే ఇట్ట చేస్తే మాకు జీతాలు యాడి నుంచి వస్తయ్?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. విడుదలను ముందుకు జరిపి 27న సినిమా వదిలారు, పెద్ద హిట్టయింది. ఎవరికీ నష్టం రాలేదు కదా అని ఆ హిట్టు చాటున చాన్నాళ్లు దాక్కున్నాను.

టికెట్లు మండిపోతున్నాయి, అందుకే జనం దొంగ ప్రింట్లు చూస్తున్నారని మనమంతా అంటాం. నేనూ అన్నాను. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో అన్నిటికంటే కింది తరగతి టికెట్‌ను 5 రూపాయలకు దించింది. ఆ ఏడాదీ నేను ఫోన్లో దొంగ ప్రింటు చూశాను. ధర మీద నెట్టేసిన తప్పు నా తొందరదే.

ఓటీటీలు వచ్చాక బుద్ధిమంతుణ్ణయ్యాననుకున్నాను. కనిపించిన ప్రతి యాప్‌కూ చందా కట్టాను. ఇంక ఇవెందుకని ఇంట్లో ఉన్న సీడీలు, డీవీడీలు మూట కట్టి పాత సామాన్లవాడికి వేశాను. నేను చేసిన బుద్ధి తక్కువ పనుల్లో పెద్దది ఇదే. అమ్మ అడిగిన పాత సినిమా నిన్న మొన్నటిదాకా ఉన్న యాప్‌లోంచి మాయమైంది, హక్కుల గడువు తీరిందట. డబ్బులిస్తానన్నా అమ్మేవాడు లేడు. ఆ సినిమా డిస్కు ఒకప్పుడు నా బీరువాలోనే ఉండేది. చివరికి ఐబొమ్మ లాంటి దొంగ ప్రింట్ల సైటులోనే దొరికింది, చూశాం.

మనం కడుతున్నది అద్దె. కొన్నామనుకున్నదీ నిలుస్తుందన్న భరోసా లేదు. 2009లో అమెజాన్ సంస్థ, పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ నవల ‘1984’ను వాళ్ల కిండిల్ ఈ-రీడర్లలోంచి చెరిపేసి డబ్బు తిరిగిచ్చింది. అమ్మినవాడికి హక్కులు లేవన్నది కారణం. పుస్తకం మాత్రం చదివేవాడి చేతిలోంచి పోయింది.

ఐబొమ్మ నిర్వాహకుణ్ణి 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. సినిమాను హాల్లో దొంగచాటుగా రికార్డు చేసినా, దొంగ ప్రతిని లాభం కోసం జనానికి ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలని 2023లో చట్టం సవరించారు. మంచిదే. కొత్త సినిమాను దొంగిలించడానికి ఏ సాకూ లేదు, మా పక్కింటి కుర్రోడి జీతం నుంచే అది పోతుంది. కానీ డబ్బిచ్చి కొనడానికి ఎక్కడా దొరకని పాత సినిమా సంగతి వేరు. 1931 నాటి ‘కాళిదాస్’ సినిమా ఒక్క ప్రతి కూడా మనకు మిగల్లేదు. నాలుగు ఇళ్లలో నాలుగు ప్రతులుంటే ఏ సినిమాకూ ఆ గతి పట్టదు.

నిర్మాతలకు నా మనవి ఒకటే. మీ సినిమాలను అద్దెకే కాదు, మేం దాచుకునేట్టు కూడా అమ్మండి, కొంటాం. ఇంట్లో డిస్కులున్నవాళ్లు దయచేసి వాటిని పాత సామాన్లకు వెయ్యకండి.